గేమ్ ఆఫ్ థ్రోన్స్ అంతిమ సీజను : ప్రేక్షకుల అసంతృప్తి

గేమ్ ఆఫ్ థ్రోన్స్ అనునది అమెరికాలోని ఎచ్.బి.ఓ. సంస్థ నిర్మించి ప్రసారము చేసిన అద్భుతకథాత్మకమగు టెలివిజన్ ధారావాహిక. 2011 ఏప్రిల్ 17వ తేదీన ఆరంభమై, 8 సీజన్లుగా, 73 ఎపిసోడులుగా నడచి, 2019 మే 19వ తేదీన సమాప్తి నొందిన యీ ధారావాహిక, తొలిరాత్రి అమెరికాలో సుమారు 22 లక్షలమంది ప్రేక్షకులతో మొదలై, కడపటి రాత్రికి 1 కోటి 93 లక్షలమందిని తన యెదుట కూర్చుండబెట్టినది. ఇంతటి ఆదరమునకు పాత్రమైన కృతి తన్ను ప్రాణప్రదముగా చూచుకొన్న అభిమానుల చేతనే తుదిదశయందు అంత తీవ్రముగా నిరసింపబడుట టెలివిజన్ చరిత్రలో మిక్కిలి అరుదైన సంగతి. కథ విషాదముగా ముగిసినందున ప్రేక్షకులు కినిసిరని పైపైన చూచువారు తలచుట కలదు. అది సరికాదు. విషాదమును సహించుట యీ ధారావాహికయే వారికి ఎనిమిదేండ్లుగా నేర్పినది. వారిని బాధించినదెల్ల ఆ విషాదమునకు దారితీయవలసిన కారణపరంపర నడుమ తెగిపోవుట.

మూలకథ, దాని ధర్మము

ఈ ధారావాహికకు మూలము అమెరికన్ రచయిత జార్జ్ ఆర్. ఆర్. మార్టిన్ రచించుచున్న ‘ఏ సాంగ్ ఆఫ్ ఐస్ అండ్ ఫైర్’ అను నవలామాల. దీనియందు తొలి సంపుటము 1996లోను, రెండవది 1998లోను, మూడవది 2000లోను, నాలుగవది 2005లోను, అయిదవది 2011లోను వెలువడినవి. మొదటి సంపుటము పేరే ధారావాహికకు పేరైనది. వెస్టెరోస్ అను కల్పితఖండమున ఏడు రాజ్యముల కధిపతి కూర్చుండు ఉక్కుసింహాసనమునకై కులీనవంశములు జరుపు కలహము కథలో నొకపాయ. ఉత్తరమున మంచుగోడ కావల మృతులను లేపి సేనగా నడపించుచు దిగివచ్చు నైట్ కింగ్ అను భూతాధిపతి వలని భయము రెండవపాయ. సముద్రమునకు తూర్పుననున్న ఎస్సోస్ ఖండమున ప్రవాసజీవితము గడపుచు, మూడు డ్రాగన్ పిల్లలను పెంచి, బానిసలను విడిపించుచు, పితృసింహాసనమును మరల గైకొన నుద్యమించిన డెనేరిస్ టార్గేరియన్ చరిత్రము మూడవపాయ. ఈ మూడు పాయలును ఎప్పు డెట్లు కలియునా యని లోకమెల్ల ఎదురుచూచినది.

ఈ కథకు తొలినాళ్ళలో గలిగిన ప్రతిష్ఠ డ్రాగన్‌లవలన గాని యుద్ధములవలన గాని వచ్చినది కాదు. ఇందు ప్రతికర్మకు ఫలము కలదు. ఎంత యుత్తముడైనను తన పొరపాటునకు తాను మూల్యము చెల్లింపవలసినదే. మొదటి సీజనున నెడ్ స్టార్క్ అను ధర్మపరుడు, రాణి సెర్సీ రహస్యమును కనుగొని, ఆమె పిల్లలకు హాని కలుగునను దయచేత, రాజున కెరిగించుటకు ముందే ఆమెను హెచ్చరించి పారిపొమ్మనెను. ఆ దయయే అతని శిరస్సు దీసినది. కథానాయకుడే యని యందరు నమ్మినవానిని తొమ్మిదవ ఎపిసోడున వధించుట చూచి ప్రేక్షకులు నివ్వెరపోయిరి. కాని వెనుకకు తిరిగి చూచుకొన్నపుడు ఒక్క మెట్టును తప్పిపోలేదని గ్రహించిరి. అతని కుమారుడు రాబ్ వంతెన దాటుటకై వాల్డర్ ఫ్రే కుమార్తెను పెండ్లాడెదనని మాట యిచ్చి, పిదప ప్రేమకు లోబడి వేరొకతెను చేపట్టెను; 2013 జూన్ 2వ తేదీన ప్రసారమైన మూడవ సీజను తొమ్మిదవ ఎపిసోడున, వివాహవిందుననే, అతడును అతని భార్యయు తల్లియు హతులైరి. ‘రక్తవివాహ’మని పేరుపడిన యా ఘట్టము ప్రేక్షకులను కన్నీరు పెట్టించినదే గాని, దానిని మార్చి తీయుడని కోరినవారు లేరు. ఆడితప్పుటయు దాని ఫలమును వారి కన్నులయెదుటనే కార్యకారణములుగా ముడివడియుండెను గనుక.

ఈ నియమమునకు ప్రేక్షకులు ఎంతగా అలవడిరన, ఒక్కొక్క ఎపిసోడు ముగిసిన పిమ్మట వారమంతయు అందలి చిన్నచిన్న మాటలను, చూపులను, కలలను, భవిష్యవాణులను పరిశీలించి, ఏ బీజము ఎక్కడ మొలకెత్తునో ఊహించుట వారికొక వ్యాసంగమైనది. ఆ పరిశ్రమ వ్యర్థము కాదను నమ్మకము రచయితలే వారికి కలిగించిరి. పిదప వచ్చిన అసంతృప్తి యంతయు ఈ నమ్మకము చెడుట వలన వచ్చినదే.

మూలము అయిపోవుట

డేవిడ్ బెనియోఫ్, డి. బి. వైస్ అను నిరువురు యీ ధారావాహికకు సృష్టికర్తలు, ప్రధానరచయితలు. మొదటి నాలుగు సీజన్లలోను సీజనున కొక్క ఎపిసోడు చొప్పున మార్టిన్ స్వయముగా వ్రాసెను. ఆరవ నవల త్వరలోనే వచ్చునని యెల్లరు నమ్మియుండిరి, అది రాలేదు. 2015లో ప్రసారమైన అయిదవ సీజను నాటికి కొన్ని పాత్రలు నవలల హద్దును దాటిపోయినవి. 2016 నాటి ఆరవ సీజను నుండి కథలో అధికభాగము ముద్రితమైన మూలము లేకయే నడచినది. తుదిఘట్టముల స్థూలస్వరూపమును మార్టిన్ ముందుగానే బెనియోఫ్, వైస్‌లకు తెలిపియుండెను. గమ్యము తెలిసినది, దారి వారే వేసికొనవలసినదాయెను.

అసమగ్రముగా నున్న కృతిని ఇతరులు పూరించుట తెలుగు పాఠకులకు క్రొత్తది కాదు. నన్నయ అరణ్యపర్వమున విడిచిన భారతమును తిక్కన విరాటపర్వము మొదలు కడవరకు నడపెను. అరణ్యపర్వశేషమును ఎఱ్ఱన పూరించెను. కాని వారి యెదుట వ్యాసుని మూలము సమగ్రముగా నుండెను. తాము చేరవలసిన చోటే కాదు, నడువవలసిన త్రోవయు వారికి తెలియును. బెనియోఫ్, వైస్‌లకు ఆ భాగ్యము లేదు. అయిదు బృహత్సంపుటములలో నొక రచయిత రెండు దశాబ్దములు అల్లిన చిక్కును, ఆ రచయితయే విప్పలేక నిలిచినచోట, గడువు పెట్టుకొని విప్పవలసిన దుష్కరకార్యము వారిపై బడినది. వారి కృషిని విమర్శించుటకు పూర్వము ఈ న్యాయము వారికి చేయవలసి యున్నది.

అయితే వారు కైకొన్న సంక్షేపము ఆ కష్టమును ఇనుమడింపజేసినది. మొదటి ఆరు సీజన్లును పదేసి ఎపిసోడులు గలవి కాగా, 2017 నాటి ఏడవ సీజనున 7, ఎనిమిదవ సీజనున 6 మాత్రమే యుండెను. ఇంకను విస్తరించుటకు ఎచ్.బి.ఓ. సుముఖముగా నుండెను, మరికొన్ని సీజన్లకు సరిపడు కథ కలదని మార్టిన్ అభిప్రాయము. ‘స్టార్ వార్స్’ చలనచిత్రముల నిర్మాణమునకు త్వరపడి యా యిరువురును దీనిని తొందరగా ముగించిరని అభిమానులలో ప్రబలమైన అపవాదము కలదు. ఆ చిత్రములను గూర్చిన ప్రకటన 2018 ఫిబ్రవరిలో వెలువడినది. మిగిలియున్నవి 13 ఎపిసోడులు మాత్రమే యను మాట 2016లోనే వారు చెప్పియుండిరి. కావున ఆ అపవాదము కాలక్రమమునకు నిలువదు. కాని కారణమేదైనను ఫలము మారదు: మునుపు ఒక సీజనంత కాలము పట్టిన ప్రయాణములు రెండు దృశ్యముల నడుమ ముగియసాగినవి, మునుపు పది సంభాషణములలో పండిన నిర్ణయములు ఒక్క చూపులో తేలిపోవసాగినవి. ఏడవ సీజనున గోడకావల మంచుసరస్సు నడుమ చిక్కుకొన్న, నెడ్ స్టార్క్ కుమారుడుగా పెరిగిన జాన్ స్నో బృందమును కాపాడుటకు, ఒకడు గోడవరకు పరుగెత్తుటయు, కాకి దక్షిణమున డ్రాగన్‌స్టోన్ దీవికి ఎగిరిపోవుటయు, డెనేరిస్ డ్రాగన్‌లతో వచ్చుటయు అంతయు స్వల్పకాలములో జరిగినట్లు చూపుటతోనే జాగరూకులైన ప్రేక్షకులకు శంక మొదలైనది.

అంతిమ సీజను

ఎనిమిదవ సీజను 2019 ఏప్రిల్ 14వ తేదీన ప్రారంభమై ఆరు ఆదివారములు ప్రసారమైనది. మొదటి రెండు ఎపిసోడులు యుద్ధమునకు ముందటి నిరీక్షణమును వర్ణించునవి. వానిలో బ్రయాన్ కాగ్‌మన్ వ్రాసిన రెండవదానికి నేటికిని అభిమానులలో మన్నన కలదు. మరునాడు చావు తప్పదని తెలిసినవారు వింటర్‌ఫెల్ కోటలో నెగడిచుట్టు కూర్చుండి మాటలాడుకొనుచుండగా, స్త్రీ యగుటచేత నైట్ పదవికి నోచుకొనని బ్రియెన్‌ను సెర్సీ సోదరుడు జేమీ లానిస్టర్ మోకరిల్లుమని, కత్తిని భుజములపై నుంచి, ఏడు రాజ్యముల నైట్‌గా లేవుమనును. ఏండ్లతరబడి పండిన రెండు పాత్రల చరిత్రము ఆ యొక్క నిమిషమున ఫలించినది. రచయితలకు శక్తి లేదనువారికి ఈ దృశ్యమే సమాధానము. శక్తి కలదు, దానికి వలయు తావు తక్కినచోట్ల లేకపోయినది.

మూడవ ఎపిసోడు ‘ద లాంగ్ నైట్’. 82 నిమిషముల నిడివి గల యీ యుద్ధఘట్టమును ఉత్తర ఐర్లండులో చలిలో 55 రాత్రులు చిత్రీకరించిరి. డెనేరిస్ సేనలోని దోత్రాకీ అశ్వికుల వంపుకత్తులన్నియు ఒక్కమారుగా అంటుకొని, ఆ మంటల వరుస చీకటిలోనికి దూసికొనిపోయి, దూరమున ఒక్కొక్కటిగా ఆరిపోవుట చూచినవారు మరువలేరు. కాని అనేకుల యిండ్లలోని తెరలపై చీకటి తప్ప మరేమియు కానరాలేదు. అంధకారము ఉద్దేశపూర్వకమని, లోపము ఇంటి టెలివిజన్ల అమరికలోను ప్రసారమున చిత్రము కుదించబడుటలోను ఉన్నదని ఛాయాగ్రాహకుడు ఫేబియన్ వాగ్నర్ సమర్థించుకొనెను. అంతకన్న గాఢమైన ఆక్షేపణ కథను గూర్చినది. 2011లో మొదటి ఎపిసోడు మొదటి దృశ్యముననే పొడసూపిన మృత్యుభయము, ఎనిమిదేండ్లు పెరిగి పెరిగి, నెడ్ కుమార్తె ఆర్యా స్టార్క్ ఎడమచేతినుండి జారవిడిచి కుడిచేత పట్టుకొన్న బాకు పోటుతో ఒక్క రాత్రిలో, సీజను నడుమనే, నిశ్శేషముగా తీరిపోయినది. నైట్ కింగ్ ఎవరు, ఏమి కోరెను, నెడ్ కుమారుడైన బ్రాన్‌తో అతనికిగల సంబంధమెట్టిదను ప్రశ్నలకు సమాధానము అతనితోనే ముక్కలైనది. ఆర్యా చంపుట దోషము కాదు. ఆమె శిక్షణమంతయు మృత్యువును గూర్చినదే. కాని పునర్జీవితుడైన జాన్ స్నో ఆ శత్రువు నెదిరించుటకే బ్రదికింపబడెనను భావమును ఇన్నాళ్ళు పోషించి, ఆ రాత్రి అతనిని కూలిన గోడల నడుమ ఒక డ్రాగన్ యెదుట నిలిపి విడుచుట అనౌచిత్యమని పలువురు తలచిరి.

నాలుగవ ఎపిసోడున పొరపాట్లు దట్టమైనవి. డ్రాగన్‌పై ఆకాశమున వచ్చుచున్న డెనేరిస్, క్రింద కొండచాటుననున్న సెర్సీ పక్షపు యూరాన్ నౌకాదళమును గమనింపక, రేగల్ అను డ్రాగన్‌ను పోగొట్టుకొనెను. ఆమె ఆ నౌకాదళము సంగతి మరచినదని బెనియోఫ్ ప్రసారానంతరము చేసిన వివరణము అభిమానులకు పుండుపై కారమైనది. మరుసటి ఎపిసోడున ఆ నౌకలనే, ఆ బాణయంత్రములనే, ఒకే డ్రాగన్ అవలీలగా దగ్ధము చేసినది గనుక. ఆ నాలుగవ ఎపిసోడులోనే వింటర్‌ఫెల్ విందుబల్లపై నేటికాలపు కాఫీకప్పు ఒకటి మిగిలిపోయి లోకమునకు నవ్వులాటయ్యెను. సంస్థవారు దానిని రెండుదినములలో చిత్రమునుండి తొలగించిరి. అది నిజమున కల్పమైన ప్రమాదమే. అంతకు పూర్వము ఇట్టిది జరిగియుండినచో ఒక వారము నవ్వి మరచెడివారు. అశ్రద్ధ యను అభియోగమునకు కంటికి కనబడు సాక్ష్యము కావలసిన వేళ దొరకుటచేత దాని కంత ప్రసిద్ధి వచ్చినది.

గంటలు

అసంతృప్తి కంతటికిని కేంద్రము మే 12వ తేదీన ప్రసారమైన ‘ద బెల్స్’ అను అయిదవ ఎపిసోడు. రాజధాని కింగ్స్ లాండింగ్ రక్షకదళము ఆయుధములు క్రింద పడవైచినది, లొంగుబాటునకు గుర్తుగా గంటలు మ్రోగినవి, విజయము సంపూర్ణమైనది. ప్రాకారముపై తన డ్రాగన్ డ్రోగాన్ వీపున కూర్చున్న డెనేరిస్ దూరమున రాజభవనమును చూచెను, ముఖము వణకెను, మరుక్షణమున డ్రాగన్‌ను నగరముపైకి నడపి వీథివీథిని భస్మము చేసెను. అటుపిమ్మట ఆ ఎపిసోడు ముగియువరకు ఆమె ముఖమును మరల చూపలేదు. ప్రేక్షకుడు ఆర్యాతో కూడ నేలపైననే, దుమ్ములో, పరుగులిడు జనములో ఉండిపోవును. చేతిలో కొయ్యగుఱ్ఱపు బొమ్మతో తల్లిని కరచుకొన్న పసిపిల్ల బూడిదయగుట చూచును. దర్శకుడు మిగెల్ సాపోచ్నిక్ పనితనమునకు వంక పెట్టలేము. కాని దహించినవారి మనస్సు అత్యవసరముగా తెలియవలసిన వేళ ఆమెను మనకు దూరము చేయుట వలన, అదివరకు ఏడు సీజన్లు మనము లోపలినుండి చూచిన స్త్రీ, క్షణమున ఆకాశమునుండి నిప్పు గ్రక్కు నీడగా మారిపోయినది.

ఈ పరిణామమునకు బీజములు లేవనుట అసత్యము. మీరీన్ నగరమున 163 మంది యజమానులను ఆమె కొయ్యలకు కొట్టించెను. తనకు మోకరిల్లని టార్లీ తండ్రికొడుకులను డ్రాగన్ అగ్నికి ఆహుతి చేసెను. పైకప్పు కూలి, తెల్లని రజము రాలుచున్న సింహాసనశాల రెండవ సీజనుననే ఆమెకు మాయాదర్శనమున కనిపించినది. ఆమె తండ్రి ఏరిస్ రాజధానిని దగ్ధము చేయబూనిన ఉన్మాది. ఈ యంతము మార్టిన్ ఊహలోనిదే కావచ్చునని తలచుటకు ఇవి యన్నియు దోహదము చేయును. అయినను నాల్గవ సీజను తుది ఎపిసోడును స్మరింపుడు. ఒక కాపరి ఆమె కొలువునకు వచ్చి, వస్త్రములో చుట్టి తెచ్చిన మూట విప్పి, మూడేండ్ల తన బిడ్డయొక్క కాలిన యెముకలను మెట్లపై నుంచెను. డ్రోగాన్ చేసిన పని యది. ఆమె, తాను బిడ్డలుగా నెంచుకొన్న మిగిలిన రెండు డ్రాగన్‌లను నేలమాళిగకు నడపించి, తన చేతులతో గొలుసులు తగిలించి, అవి అరచుచుండగా ఏడ్చుచు వెలుపలికి వచ్చెను. ఒక్క బిడ్డకై తన బిడ్డలను బంధించిన యీ స్త్రీ, వేలబిడ్డలను దహించు స్త్రీగా మారవచ్చును. మనుష్యహృదయమున అసాధ్యమైనది లేదు. ఆ మార్పును మాత్రము మనకు చూపవలెను.

భరతముని నాటకమునకు ముఖము, ప్రతిముఖము, గర్భము, విమర్శము, నిర్వహణము అని అయిదు సంధులను చెప్పెను. ముఖసంధియందు నాటిన బీజము నిర్వహణమున ఫలించుటకు నడుమ విమర్శసంధి యుండవలెను; సంకల్పము సంకటమున పడి, కోపలోభాదుల తాకిడికి అటునిటు ఊగి, తుదకొక వైపునకు ఒరగుట అచ్చటనే. డెనేరిస్ చరిత్రమున లోపించినది సరిగా ఇదియే. రెండు డ్రాగన్‌లు చచ్చుట, విశ్వాసపాత్రుడు జోరా మరణము, చెలికత్తె మిస్సాండే శిరశ్ఛేదము, జాన్ స్నోయే సింహాసనమునకు అసలు వారసుడని తెలియుట, మంత్రి వేరిస్ ద్రోహము: ఇన్ని దెబ్బలు ఆమెకు తగిలినవి, వీనిలో అత్యధికము మూడు ఎపిసోడులలోనే ఒకదానిపై నొకటి పడినవి. ఏ యొక్కదాని వ్రణమును మనయెదుట చీము పట్టలేదు. మరి యిరువది ఎపిసోడులు ఉండినచో ఈ కథ టెలివిజన్ సృష్టించిన మహావిషాదములలో నొకటిగా నిలిచియుండెడిదని నా దృఢవిశ్వాసము. ఆ పాత్రధారిణి ఎమీలియా క్లార్క్ కూడ కథాప్రతి చదివి తాను దిగ్భ్రాంతి నొందితినని పిమ్మట చెప్పినది.

విజేతల వినాశము కథాంతమగుట మనకు పరిచితమే. మహాభారతము కురుక్షేత్రవిజయముతో ముగియదు. మౌసలపర్వమున యాదవులు ఒకరినొకరు చంపుకొందురు, మహాప్రస్థానమున పాండవులు దారిలో కూలుదురు. అది విని శ్రోత దుఃఖించును గాని వ్యాసునిపై అలుగడు. గాంధారి శాపము స్త్రీపర్వముననే పడినది. ముప్పదియారేండ్లు అది పొంచియున్నది. మునుల శాపము దానికి తోడైనది. గంటలు మ్రోగిననాటి డెనేరిస్ వెనుక అట్టి పొంచియున్న కాలము తగినంత లేదు.

తక్కిన పాత్రలు, ముగింపు

జేమీ లానిస్టర్ విషయమున అభిమానుల వేదన ఇంచుమించు ఇట్టిదే. మూడవ సీజనున స్నానశాలలో, చేయి తెగి జ్వరపడియున్న జేమీ, తాను ఏరిస్‌ను వధించినది నగరవాసుల ప్రాణములు కాపాడుటకే యని బ్రియెన్‌కు చెప్పుకొనును. రాజఘాతకుడని లోకము ఉమియు మనుష్యుని అంతరంగము అచ్చట వెలుగుచూచినది. ఎనిమిదవ సీజనున అతడే, ఆ ప్రజలను తానెన్నడును అంతగా పట్టించుకొనలేదని తమ్మునితో పలికి, సెర్సీ యొద్దకు మరలి, ఆమెతో కూడ శిథిలములక్రింద పడి చచ్చును. వ్యసనమునకు మరలుట మనుష్యస్వభావమే. కాని పూర్వపు మాటను ఒక్క వాక్యముతో త్రోసివేయుట పాత్రపోషణ కాదు. జాన్ స్నో జన్మరహస్యము, ఏడు సీజన్ల నిరీక్షణము పిదప బయల్పడి, డెనేరిస్ మనస్సును కలత పెట్టుటకు తప్ప మరెందులకును వినియోగపడలేదు.

బెనియోఫ్, వైస్‌లే వ్రాసి దర్శకత్వము వహించిన ఆరవ ఎపిసోడున జాన్ డెనేరిస్‌ను కౌగిలిలోనే పొడిచి చంపును. డ్రోగాన్ అతనికి బదులుగా ఉక్కుసింహాసనమును కరగించి, ఆమె దేహమును ఎత్తుకొనిపోవును. ఈ దృశ్యము మెచ్చుకోదగినదే. ఆ పిమ్మట ప్రభువులసభలో, బందీగానున్న జేమీ తమ్ముడు టిరియన్, మనుష్యులను కలుపునది కథ యనియు, బ్రాన్‌కు మించిన కథ గలవారు లేరనియు వాదించి అతనిని రాజుగా నిలుపును. అయిదవ సీజనంతటను కానరాని పాత్రకు ఈ ప్రశంస దక్కుట ప్రేక్షకులకు మింగుడుపడలేదు. నెడ్ కుమార్తె సాన్సా ఉత్తరదేశమునకు స్వతంత్రరాణియగుట మాత్రము పెక్కుమంది కామోదమైనది. ఆ పాత్రకు సోపానములన్నియు ఉండినవి.

నిరసన, దాని రూపములు

అంతిమ సీజనును సమర్థులైన రచయితలతో మరల నిర్మింపవలెనని కోరిన మహజరుపై పదిలక్షలకు మించి సంతకములు పడినవి. మునుపటి సీజన్లకు 90 శాతము చుట్టునో అంతకు పైననో ఉండుచు వచ్చిన విమర్శకుల ఆమోదము దీనికి 55 శాతమునకు దిగినది. పునర్నిర్మాణము ఆలోచనలో లేదని సంస్థ స్పష్టము చేసినది. కృతి నచ్చలేదనుట ప్రేక్షకుని హక్కు; మార్చి యిమ్మని ఆజ్ఞాపించుట వేరు. నటి సోఫీ టర్నర్ ఆ మహజరు వేలాదిమంది శ్రామికుల యెడ అగౌరవమని నొచ్చుకొన్నది. వందలకొలది వడ్రంగులు, దర్జీలు, దీపాల పనివారు చలిరాత్రులలో చేసిన శ్రమను తలచినపుడు ఆమె మాటలో న్యాయము కనబడును. మరియొక విషయమును విస్మరింపరాదు: ఈ సీజనుచే మనస్తాపము చెందిన అభిమానులే, మెదడులోని రక్తనాళపు వ్యాధినుండి రెండుమారులు బయటపడిన ఎమీలియా క్లార్క్ స్థాపించిన ‘సేమ్ యూ’ ధర్మసంస్థకు ఆమెపై గౌరవముతో విరాళములు పోగుచేసి యిచ్చిరి. వారి కోపము నటులపై కాదు.

పురస్కారదాతల దృష్టి వేరుగ నుండెను. ఈ సీజను 2019లో 32 ఎమ్మీ నామినేషన్లను, ఉత్తమనాటక ధారావాహిక బహుమతితో కూడ 12 ఎమ్మీలను పొందినది. టిరియన్ పాత్రధారి పీటర్ డింక్లేజ్‌కు అది నాల్గవ ఎమ్మీ. ఆ యేటి శాన్ డియేగో కామిక్-కాన్ సభకు బెనియోఫ్, వైస్‌లు రాలేదు. స్టార్ వార్స్ ప్రణాళికనుండి ఆ సంవత్సరము అక్టోబరులో తొలగిరి.

ఇట్టి నిరసనలకు పూర్వచరిత్ర కలదు. 1893లో కొనన్ డాయిల్ షెర్లాక్ హోమ్స్‌ను చంపినపుడు వేలాదిమంది ‘స్ట్రాండ్’ పత్రికకు చందాలు మానిరని ప్రతీతి. 1903లో రచయిత ఆ పాత్రను బ్రదికించి తేవలసివచ్చినది. 2010లో ముగిసిన ‘లాస్ట్’, 2013లో ముగిసిన ‘డెక్స్‌టర్’ కూడ అభిమానుల ఆగ్రహమునకు గురియైనవి. రెండవదానికి 2021లో వేరొక ముగింపు కట్టిరి.

భారతదేశమున ఈ సీజను హాట్‌స్టార్ ద్వారా అమెరికాతోపాటు ఏకకాలమున, సోమవారము ఉదయము ఆరున్నరకు అందుచుండెను. కథ ముందే ఎవరైన బయటపెట్టుదురేమో యని, హైదరాబాదు మొదలగు నగరములలోని తెలుగు యువకులు తెల్లవారుజామున లేచి చూచి, పిమ్మట కార్యాలయములకు పోవుచుండిరి. అమెరికాలోని తెలుగువారు ఆదివారము రాత్రి చూచినదానిని గూర్చి, స్వదేశమునందలి బంధుమిత్రులతో ఆ పూటయే వాదులాడుకొను సౌకర్యము ఇదివరలో ఏ విదేశీధారావాహికకును ఇంతగా కలుగలేదు.

అనంతరము

అసంతృప్తి యా కల్పితలోకముపై అభిమానమును చంపలేదు. మార్టిన్ 2018లో ప్రకటించిన ‘ఫైర్ అండ్ బ్లడ్’ గ్రంథము నాధారము చేసికొని, టార్గేరియన్ పూర్వుల అంతఃకలహమును చిత్రించు ‘హౌస్ ఆఫ్ ద డ్రాగన్’ 2022 ఆగస్టు 21వ తేదీన ఆరంభమైనపుడు, మొదటిరాత్రి సుమారు కోటిమంది అమెరికాలో దానిని వీక్షించిరి. తీసిపోయినది రచన యొక్క తుదిభాగమే గాని లోకకల్పన కాదని దీనివలన తేలినది. ఎనిమిదవ సీజను చిత్రీకరణమున, సంగీతమున, నటనయందు ముందటి సీజన్లకు తీసిపోదు. కథానిర్వహణమున మాత్రము వానితో సాటిరాదు. మూలనవలామాలలో ఆరవ సంపుటమైన ‘ద విండ్స్ ఆఫ్ వింటర్’ ఇంకను వెలువడలేదు. కావున ఈ మహాకథకు పాఠకలోకమున నేటికి గల ముగింపు 2019 నాటి యీ యారు ఎపిసోడులే.